నోటీసు అందాక వేసిన డిప్రెషన్ క్లెయిమ్‌ను నమ్మాలా?

మారతహళ్ళి సీను: మా తోడల్లుడు కాలిఫోర్నియాలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. తీసేస్తున్నామని నోటీసు ఇచ్చాక "పని వల్లే డిప్రెషన్ వచ్చింది, పరిహారం ఇవ్వండి" అంటే అక్కడ ఒక పట్టాన చెల్లదు. మామూలుగా ఆరు నెలల సర్వీసు ఉండాలి, జబ్బుకు సగానికి మించి కారణం పనే అని తేలాలి. ఆపైన నోటీసుకు ముందే వైద్యం చేయించుకున్న రికార్డో, యజమానికి అప్పటికే తెలుసన్న ఆధారమో చూపాలి. నాకైతే సబబే అనిపిస్తోంది. ఉద్యోగం ఊడిన కచ్చతో కేసు వేసేవాళ్ళు లేరంటారా? మనకూ ఇలాంటి రూలుంటే బాగుండు.

పద్మజ, బీటీఎం: ఉంటారు సీను గారూ. కానీ రికార్డు ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను హెచ్‌ఆర్‌లోనే ఉన్నాను. ఒకమ్మాయికి, పనితీరు బాగాలేదని, గడువులోగా మెరుగుపడాలనే ప్లాన్‌లో పెట్టిన దగ్గర్నుంచీ నిద్రలేదు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ లీవ్ మెయిల్‌లో "వైరల్ ఫీవర్" అని రాసేదట. ఫీజు క్యాష్‌లో కట్టేది. కంపెనీ ఇన్సూరెన్స్‌లో పెడితే టీమ్‌లో తెలిసిపోతుందని భయం. రేపు కేసు వేసిందనుకోండి, ఆ మెయిళ్ళే తీసి "జ్వరమన్నావుగా" అంటారు. మీ రూలుకి సరిపడా ఫైలు ముందునుంచే ప్లాన్ వేసుకున్నవాడి దగ్గరే దొరుకుతుంది.

లా రావు: మన దగ్గర అసలు దారే లేదు కదా. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమైనా, ఇప్పటి 2020 సామాజిక భద్రతా కోడ్ అయినా అడిగేది పనిలో జరిగిన ప్రమాదం, లేదా చట్టం షెడ్యూల్‌లో, అంటే దాని జాబితాలో ఉన్న వృత్తి వ్యాధి. సీసం విషం ఉంది, సిలికోసిస్ ఉంది, డిప్రెషన్ లేదు. పని ఒత్తిడితో గుండెపోటు వచ్చిందని పరిహారం ఇప్పించిన తీర్పులున్నాయి, అదీ రెంటికీ లంకె రుజువైతేనే.

సీను: హద్దంటూ లేకపోతే తీసేసిన ప్రతివాడూ సర్టిఫికెట్ పట్టుకొస్తాడు. చిన్న కంపెనీ గతేంటి? కాలిఫోర్నియాలోనూ తలుపు పూర్తిగా మూయలేదు. లైంగిక, జాతి వేధింపులు తేలినా, పనిలో హఠాత్తుగా అసాధారణమైనదేదైనా జరిగినా నోటీసు తర్వాత కూడా వింటారు.

వైట్‌ఫీల్డ్ బాబాయ్: ముందు, తర్వాత అంటున్నారు, బెంగళూరులో నోటీసు ఇచ్చేదెవరయ్యా? మీటింగ్ రూముకి పిలిచి "నువ్వే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం" అంటారు. ల్యాప్‌టాప్ అక్కడే తీసేసుకుంటారు. కాగితం మీద వాడు ఇష్టపడి మానేసినట్టు. మరి ఏ తేదీ నుంచి లెక్కపెడతావ్?

సీను: మీటింగ్‌కి పిలిచిన మెయిల్ తేదీ నుంచి. అదైనా ఉంటుందిగా బాబాయ్.

పద్మజ: సాయంత్రానికల్లా ఆ అకౌంట్ ఆపించేది మేమే సీను గారూ. ఆ మెయిల్ అతనికి ఎవరిస్తారు?