అప్‌డేట్: దూర నడకలో మడమ బొబ్బలు, కొత్త బూట్లు కొనకుండానే తగ్గాయి

ఒంటరిగా 12 రోజుల నడకకు సిద్ధమవుతూ, 10 కిలోమీటర్లు దాటగానే మడమలు బొబ్బలెక్కుతున్నాయి, ఖరీదైన బూట్లు కొనక తప్పదా అని అడిగాను. నడక పూర్తి చేసి వచ్చాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది లేసుల చిట్కా. షూ పైన అందరం ఖాళీగా వదిలేసే ఆఖరి రంధ్రంలో ఒక్కో వైపు లేసుతో చిన్న లూప్ చేసి, అవతలి వైపు లేసును అందులోంచి లాగి బిగించాను. మడమ జారడం ఆగిపోయింది. చెమటకు తడిసే కాటన్ సాక్సులు మానేసి సింథటిక్‌వి వేసుకున్నాను. చర్మం ఎక్కడైనా వేడిగా అనిపిస్తే వెంటనే ఆగి టేప్ అంటించండి, తర్వాత చూద్దాం అనుకోకండి.

నడిచేటప్పుడు మోకాలు కూడా నొప్పి పెట్టేది, కానీ అందులో లోపమేమీ లేదన్నారు డాక్టర్. బ్యాగు 11 కిలోల నుంచి 7కి తగ్గించాక ఆ నొప్పీ పోయింది. మోకాలి క్యాప్, కొత్త బూట్లు అవసరం పడలేదు. పాత రన్నింగ్ షూతోనే నడిచాను.