అప్‌డేట్: బ్రిటనీ శిక్షణకు బ్లాంక్ పిస్టల్ తీసుకున్నాను

టెక్సాస్‌లో మా బ్రిటనీ జాతి కుక్కకు పిట్టల వేట శిక్షణలో తుపాకీ చప్పుడు అలవాటు చేయడానికి, గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసే బ్లాంక్ పిస్టల్‌లలో .22 బ్లాంకులతో (గుండు లేని చిన్న తూటాలు) పేలేది కొనాలా, 209 ప్రైమర్‌తో (షాట్‌గన్ తూటాలో మందును అంటించే చిన్న పేలుడు బిళ్ల) పేలేది కొనాలా అని ఇంతకుముందు అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. చివరకు 209 రకమే తీసుకున్నాను.

షాట్‌గన్ తూటాలను సొంతంగా నింపుకునేవారు వాడేవి ఈ ప్రైమర్లే కనుక మా వైపు వేట సామగ్రి దుకాణాల్లో ఇవి సులువుగా దొరుకుతున్నాయి; .22 బ్లాంకుల కోసం వెతుక్కోవలసి వస్తోంది. అయితే 209 చప్పుడు పదునుగా ఉంటుంది. అందువల్ల, కుక్క క్వెయిల్ పిట్టను లేపి, ధ్యాసంతా దాని మీదే పెట్టి వెంట పరుగెత్తుతున్నప్పుడు, నా మిత్రుడు చాలా దూరంలో నిలబడి, పిస్టల్‌ను అవతలి వైపు తిప్పి ఒక్కసారి పేల్చాడు. కుక్క చెవులు వెనక్కి వాల్చలేదు, దాని పొట్టి తోక ఆడుతూనే ఉంది. ఆ తర్వాతే కొద్దికొద్దిగా దూరం తగ్గించాము. చప్పుడుకు ఒకసారి బెదిరిన కుక్కను మళ్లీ దారికి తేవడం చాలా కష్టం కనుక ఈ నిదానం తప్పనిసరి అని నా అభిప్రాయం.

గుండు లేకపోయినా వేడి వాయువు చిమ్ముతుందని మరువవద్దు. నా పిస్టల్‌లో అది పైనుంచి వెలువడుతుంది. కాబట్టి చెయ్యి బాగా చాచి, చెవులకు రక్షణ పెట్టుకొని పేలుస్తున్నాను.

గుర్రాల మీద వెళ్లే ఫీల్డ్ ట్రయల్స్‌లో (వేట కుక్కల పోటీలు) దూరానికి వినిపించే, .22 కన్నా పెద్దవైన .32 బ్లాంకులను చాలామంది ఇష్టపడతారు. అక్కడిదాకా వెళ్లినప్పుడు నిర్వాహకులను ముందుగా అడిగి నిర్ణయించుకుంటాను.