చెరువు నీళ్లలో ఏరోమోనాస్ కనబడింది, బ్లీచింగ్ వేయాలా?

ప్రశ్న (పచ్చనీరు):
తిలాపియా చెరువు నీళ్లు, చేప పేగు 16ఎస్ సీక్వెన్సింగ్‌కి (బాక్టీరియాలోని 16ఎస్ జన్యువు కాపీలు చదివి ఏ రకం ఎంత వాటా ఉందో చెప్పే పరీక్ష) పంపాం. నీళ్లలో ఏరోమోనాస్ (చేపలకి జబ్బు తేగల బాక్టీరియా) 3 శాతం, పేగులో సగానికి పైగా సీటోబాక్టీరియం అనే మరో బాక్టీరియా. అవే నీళ్లు ప్లేటు మీద వేస్తే లేచింది నాలుగైదు రకాల కాలనీలే, అందులో సగం ఏరోమోనాసే! చేపలు మేత బాగానే తింటున్నాయి. ఏ లెక్క నమ్మాలి? బ్లీచింగ్ వేసేయమంటారా?

జవాబు (ప్లేట్‌కౌంట్):
వద్దండీ. చెరువు నీళ్లలోని బాక్టీరియాలో మామూలు ప్లేటు మీద పెరిగేవి బహు కొద్ది. ప్లేటులో పోసే ట్రిప్టిక్ సోయా అగార్ అనే పోషక జెల్లీ ఏరోమోనాస్‌కి విందుభోజనం, 28 డిగ్రీల దగ్గర తెల్లారేసరికి కాలనీ కట్టేస్తుంది. మంచినీళ్లలో సహజంగా దండిగా ఉండే సన్నటి ఆక్టినోబాక్టీరియా ఆ ప్లేటు మీద అసలు లేవవు.

అలాగని ఆ 3 శాతం కూడా సంఖ్య కాదు, వాటా మాత్రమే. ఏరోమోనాస్ హైడ్రోఫిలా కణంలో 16ఎస్ జన్యువు కాపీలు పది ఉంటాయి, పైన చెప్పిన ఆక్టినోబాక్టీరియాలో ఒకటో రెండో. కాబట్టి అసలు వాటా ఇంకా తక్కువే అయ్యుండాలి. మిల్లీలీటరుకి ఎన్ని అని తేలాలంటే క్యూపీసీఆర్ (జన్యువు కాపీలు ఎన్నో లెక్కగట్టే డీఎన్‌ఏ పరీక్ష) చేయించాలి. జబ్బు అనుమానం ఉంటే నీళ్లు కాదు, నీరసించిన చేప మూత్రపిండం నుంచి కల్చర్ తీయండి. అక్కడ ఒకే రకం దట్టంగా లేస్తే అప్పుడు ఆలోచించాలి. సీటోబాక్టీరియం పేగులో ఉండాల్సిందే, బి12 విటమిన్ తయారుచేస్తుంది.

జవాబు (నైట్రైట్):
చేపలుండగా బ్లీచింగ్ వేస్తే ముందు కాలేది మొప్పలు. ఆపైన నాచు చచ్చి కుళ్లుతుంది, అమ్మోనియా లేస్తుంది. దాన్ని తినాల్సిన నైట్రోసోమోనాస్, దాన్నుంచి వచ్చే నైట్రైట్‌ని తినాల్సిన నైట్రోస్పైరా అనే బాక్టీరియా రెట్టింపు కావడానికి రోజు దాకా పడుతుంది. ఏరోమోనాస్‌కి మేత దొరికితే గంట చాలు. ఖాళీ అయిన చోటు ముందు ఎవరిదవుతుందో మీరే చూడండి.

దానికి బదులు అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ (నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) కొలవండి. పీహెచ్ తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడాలి. గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్ కావడానికి దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల ఆల్కలినిటీ (కాల్షియం కార్బొనేట్ లెక్కన) ఖర్చవుతాయి. అమ్మోనియా పెరుగుతుంటే మేత తగ్గించి, రాత్రి ఏరేటర్ ఆపకండి.

జవాబు (బురదలోతు):
నమూనా ఎలా తీశారో రాయలేదు. పచ్చటి నీళ్లకి బాక్టీరియాని పట్టే 0.22 మైక్రాన్ ఫిల్టరు 100–200 మిల్లీలీటర్లకే మూసుకుపోతుంది. తేలిగ్గా దిగుతుందని ముందు 3 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టి అది పారేస్తే, రేణువులకి అంటుకున్న బాక్టీరియా అంతా దాంతోపాటే పోతుంది. రెండు ఫిల్టర్లూ పంపాలి, ఉత్త శుద్ధజలం వడకట్టిన ఖాళీ ఫిల్టరు ఒకటి (బయటి కల్తీ పట్టడానికి) జతచేయాలి. రిపోర్టులో సయనోబాక్టీరియా ఎక్కువ కనిపిస్తే అందులో నాచు క్లోరోప్లాస్టులు (నాచు కణాల్లోని పచ్చటి భాగాలు, వాటిలోనూ 16ఎస్ జన్యువు ఉంటుంది) కలిసాయేమో అడగండి. అవి తీసేస్తే మిగతా శాతాలన్నీ మారిపోతాయి, మీ 3 శాతంతో సహా.