ఫీడ్ రీడరా, వాట్సాప్ గ్రూపా? వైజాగ్‌లో నోటీసులు దేనితో అందుకోవాలి?

సీతమ్మధార_07:
ఉద్యోగ ప్రకటనలు, యూనివర్సిటీ నోటీసులు, ఊరి బ్లాగుల కోసం రోజూ పది సైట్లు తెరవడం కంటే ఆర్ఎస్ఎస్ ఫీడ్ (సైటులో కొత్తగా పడినవాటి జాబితాను ఆప్‌లు చదవగలిగేలా ఇచ్చే లింకు) వంద రెట్లు నయం. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైటైతే చిరునామా చివర స్లాష్ పెట్టి ‘ఫీడ్’ అని ఇంగ్లీషులో కొట్టండి, సాధారణంగా వచ్చేస్తుంది. ఆ లింకు రీడర్‌లో, అంటే ఫీడ్లన్నీ ఒకేచోట చూపే ఆప్‌లో, పెడితే చాలు. గ్రూపులో తిరిగే పీడీఎఫ్ నిరుడుదో ఈ ఏడాదిదో తెలియదు. ఫీడ్‌లో వచ్చేది నేరుగా సైటు నుంచే.

గాజువాక_నెట్:
అసలు ఫీడే లేని ఆఫీసు సైట్ల సంగతేంటండీ? పైగా ఫీడ్ తనంతట తాను రాదు, రీడర్ వెళ్లి అడగాలి. గంటకోసారి అడిగేలా పెట్టినా, ఫోన్‌లో బ్యాటరీ ఆదా సెట్టింగు ఆప్‌ని నిద్రపుచ్చితే ఆ గంట కాస్తా పూటవుతుంది. గ్రూపులో మెసేజ్ ఆ క్షణంలోనే మోగుతుంది. తుపాను హెచ్చరికలు ఫీడ్‌లో చూస్తామా?

ఎంవీపీ_డబుల్‌రోడ్:
తుపానుకి రెండూ దండగే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సెల్ సిగ్నళ్లే పోయాయి. బ్యాటరీ రేడియో ఉంచుకోండి.

ఆలస్యం కంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఫీడ్‌లో పాతవన్నీ ఉండవు. వర్డ్‌ప్రెస్ సెట్టింగు మార్చకపోతే చివరి 10 పోస్టులే ఇస్తుంది, యూట్యూబ్ ఛానెల్ ఫీడ్ 15 వీడియోలు. రీడర్ రెండుసార్లు అడిగే మధ్యలో సైటులో 25 పోస్టులు పడ్డాయనుకోండి, 15 మీ కంటబడకుండానే జారిపోతాయి. జారిపోయినట్టు కూడా తెలియదు! అందుకే ఫోన్ మీద వదిలేయకుండా, ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్లో ఫ్రెష్ఆర్ఎస్ఎస్ అనే రీడర్ పెట్టి, క్రాన్‌లో (పనులను వేళకి నడిపే ప్రోగ్రాం) 30 నిమిషాలకోసారి నడపాలి. సైటు సర్వర్ ఈట్యాగ్ (ఫీడ్ మారిందో లేదో తెలిపే గుర్తు) ఇస్తుంటే, మార్పు లేనప్పుడు 304 (‘మారలేదు’) అని మాత్రమే జవాబొస్తుంది, డేటా ఖర్చు నామమాత్రం. నిమిషానికోసారి అడిగితే మాత్రం 429 (‘మరీ ఎక్కువసార్లు అడిగారు’) ఇచ్చి ఆపేసే సైట్లున్నాయి.

సీతమ్మధార_07:
జారిపోయే విషయం ఒప్పుకుంటాను, ఫోన్ ఒక్కటే చాలదు. ఇంకోటి: ఫీడ్ హఠాత్తుగా ఆగిపోతే ముందు ఎక్స్ఎంఎల్ (ఫీడ్ రాసి ఉండే ఫార్మాట్) చూడండి. శీర్షికలో ఆంపర్‌శాండ్ (&) గుర్తు, ‘&’ అని మార్చకుండా, ఉన్నదున్నట్టు పడితే ఫీడ్ మొత్తం చదవలేనని మొండికేసే రీడర్లున్నాయి. ఓపీఎంఎల్ ఫైలు (మీ ఫీడ్ల జాబితా) కూడా నెలకోసారి దింపుకోండి. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పుడు జాబితాను వేరే రీడర్‌కి మార్చుకోవడానికి అదే పనికొచ్చింది.

గాజువాక_నెట్:
సరే, ఫీడ్ ఉన్న సైట్లకి మీ పద్ధతే మేలు. ఫీడ్ లేనివాటికి మాత్రం గ్రూపు వదలను. అందులో వచ్చిన పీడీఎఫ్ తేదీ, నంబరు సైటులో సరిచూశాకే ఇంకొకరికి పంపాలి, అంతే.