స్లో కుక్కర్లో పెద్దమాంసం ఉడకడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మాది గుంటూరు. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు మొన్న వచ్చినప్పుడు స్లో కుక్కర్ (సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) తెచ్చిచ్చాడు. అది 120 వోల్టులది, అందుకని మన కరెంటు వోల్టేజీని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నాను. ఆ డబ్బుకి ఇంకేదైనా వచ్చేదని మావారు ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నారు.

బార్బెక్యూ శాండ్‌విచ్ చేద్దామని ఆదివారం చర్చికి వెళ్లేముందు కిలోన్నర పెద్దమాంసం, ఉల్లిపాయలు, టమాటా సాస్, వెనిగర్, బెల్లం, మన కారం వేసి, ముక్కలు మునిగేలా నీళ్లు పోసి 'లో' (తక్కువ వేడి) మీద పెట్టాను. వచ్చాక రెండుసార్లు మూత తీసి కలిపాను. తీసిన ప్రతిసారీ వేడి పోయి ఇంకాస్త ఆలస్యమవుతుందని తర్వాత తెలిసింది. 6 గంటలయ్యాక చూస్తే ముక్క రబ్బరులా సాగుతోంది, పీచులుగా విడిపోవడం లేదు. సాసేమో పులుసైపోయింది! బన్నులో పెడితే బన్ను నాని చేతిలోనే విరిగిపోయింది. పిల్లలు అన్నంలో కలుపుకుని తినేశారనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ మనకు దొరికేది గేదె మాంసం కదా, అమెరికా వంటల్లో చెప్పే 8 గంటలు దానికి సరిపోతాయా? కొట్టులో భుజం ముక్క అడగాలా, తొడ ముక్కా? నీళ్లు అసలు పోయకూడదా? ముందు ప్రెషర్ కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి ఇందులో వేస్తే రుచి చెడుతుందా? ఇంకోటి, మధ్యలో రెండు మూడు గంటలు కరెంటు పోతే ఆ మాంసం తినొచ్చా, పారెయ్యాలా?

వచ్చే ఆదివారం పదిమంది భోజనానికి వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.