మైంజ్ చక్రం: వడ్రంగి కొడుకు గుర్తా, ఏలిన దొర ముద్రా?

రాతిగోడ: మైంజ్ నగరపు ఆర్చిబిషప్పులు (క్రైస్తవ మతపెద్దలు) ఏలిన జర్మన్ ఊళ్ల చిహ్నాల్లో ఎర్ర డాలు మీద ఆరు ఆకుల (నడిమి నుంచి అంచుకు పోయే పుల్లల) తెల్ల చక్రం తరచూ కనిపిస్తుంది. ఆర్చిబిషప్పు విల్లిగిస్ (975–1011) బండి చక్రాలు చేసే వడ్రంగి కొడుకనీ, పుట్టుక మరవకూడదని చక్రం గీయించుకున్నాడనీ చెబుతారు. ఊరి చిహ్నానికి అదే అర్థమా?

పాతముద్ర: కథ బాగుందండీ, కాలమే కుదరదు. డాళ్ల మీద వంశ చిహ్నాలు వేసుకోవడం యూరప్‌లో 12వ శతాబ్దంలో స్థిరపడింది. అప్పటికి విల్లిగిస్ పోయి నూరేళ్లు దాటింది. ఊరి డాలు మీద ఆ చక్రం చెప్పేది, ఒకప్పుడు పన్నులు మైంజ్‌కు వెళ్లేవని, అంతే.

రాతిగోడ: అయితే చక్రం కనబడితే మైంజే అనుకోవచ్చా?

పాతముద్ర: తొందరపడకండి. అంచుకు కత్తులుంటే అది సెయింట్ కేథరిన్ అనే క్రైస్తవ పునీతను హింసించడానికి తెచ్చిన చక్రం. ఊరి చర్చి ఎవరి పేరున ఉందో చూడండి. అంచు బయట రెక్కలుంటే నీటి మర. ఆరు ఆకులే ఉండి తెల్ల డాలు మీద ఎర్ర చక్రమైతే మరో జర్మన్ నగరం ఓస్నాబ్రుక్ బిషప్పులది, నల్ల చక్రమైతే ఓస్నాబ్రుక్ నగరానిది. ఆకులు లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు.

గీతలరాత: ఆ రంగు దగ్గరే బోల్తా పడతారు. మైనపు ముద్రలో రంగుండదు. నలుపు–తెలుపు అచ్చులో 17వ శతాబ్దం నుంచి గీతలే రంగులు: నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, చుక్కలు బంగారం, ఖాళీ వెండి. ఇది తెలియక నిలువు గీతల్ని నాగటి చాళ్లనీ, చుక్కల్ని గింజలనీ చదివి 'ఇది రైతుల ఊరు' అని రాసేస్తారు! కుడి ఎడమలు కూడా డాలు పట్టుకున్నవాడివి. చిహ్నాన్ని మాటల్లో చెప్పే అధికారిక వర్ణనలో 'కుడి' అంటే మన కంటికి ఎడమ.

నాలుగోమాట: పాతముద్రగారూ, ఒక్క అభ్యంతరం. చాలా ఊళ్లు 20వ శతాబ్దంలోనే చిహ్నం పెట్టుకున్నాయి. గ్రామసభ విల్లిగిస్ కథ మనసులో పెట్టుకునే చక్రం ఎంచుకుంటే, ఆ ఊరికి ఆ అర్థమూ నిజమే కదా?

పాతముద్ర: కాదనను. కానీ అది ఆ ఊరివరకే, మైంజ్ చక్రం పుట్టుకకు సాక్ష్యం కాదు. అధికారిక వర్ణనలో ఏ రంగులో ఏముందో ఉంటుంది కానీ, ఎందుకుందో ఉండదు. ఆమోదం ఫైల్లో కారణం విడిగా రాసి ఉందేమో వెతకండి. అందులో విల్లిగిస్ పేరుంటే నేను ఒప్పుకుంటాను.