అప్‌డేట్: లా కాలేజీలో క్లాసులు కాక ఇంకేం చేయాలని అడిగాను కదా

మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరాక నోట్సు, పరీక్షలు తప్ప ఇంకేం చేయాలో తెలియడం లేదని పోయిన ఏడాది అడిగాను. మూట్ కోర్టు (కల్పిత కేసును విద్యార్థులు వాదించే పోటీ), లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సహాయం) రెండూ వదలొద్దన్నారు.

మూట్‌లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాం. కానీ మెమోరియల్ (మన వాదనల రాతప్రతి) రాయడం అలవాటైంది.

నన్ను మార్చింది మాత్రం లీగల్ ఎయిడ్ క్లినిక్. ఒక శనివారం ఒకావిడ వచ్చారు. ఇద్దరు పిల్లలు, భర్త డబ్బు పంపడం లేదు, లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదని రెండేళ్లుగా ఆగిపోయారట. 1987 నాటి న్యాయసేవల చట్టం, సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. పరీక్ష కోసం చదివిన సెక్షనే, కానీ ఆవిడ ముఖం చూశాకే దాని విలువ తెలిసింది. మా మేడమ్ చూస్తుండగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు నేనే రాశాను.

మనోవర్తి (భార్యాపిల్లల పోషణకు ఇవ్వాల్సిన డబ్బు) అంటే అందరికీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 సెక్షనే గుర్తు. 2024 జూలై 1 నుంచి అది, ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144. జూనియర్లూ, రెండు నంబర్లూ గుర్తుపెట్టుకోండి, పాత తీర్పులన్నీ 125 పేరుతోనే ఉంటాయి.

ఆవిడకు లాయర్‌ని ఇచ్చారు. వచ్చే వారం మొదటి వాయిదా. కోర్టుకు నేనూ వెళ్తున్నాను, ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.